డే అండ్ నైట్ జంక్షన్

ముందు ఆ కుర్రాడి సంగతి చెప్పాలి.
పాలకొండ బస్సులో, బూర్జ దాటాక,
వంద నోటు చాపి
"మామ్మగారూ, ఒకటి" అన్నాడు.
నాకప్పటికి నలభై మూడు.
టికెట్టు కొట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.
ఆ రాత్రి అద్దంలో
కళ్ళకింద రెండు సంచులు.
ఇరవయ్యేళ్ళ ఫస్టు సర్వీసులూ నైటవుట్లూ
అందులోనే దాచుకున్నట్టు.

సొసైటీ లోను పెట్టాను.
ఇంట్లో పంటి ఆపరేషనని చెప్పి
వైజాగు వెళ్ళాను.

కాయితాలు పదకొండు పేజీలు.
ఎనిమిదో పేజీలో ఉందట, రెప్ప జారొచ్చని.
చదవలేదు నేను.
చదవమన్న వాళ్ళూ లేరు,
పెన్ను మాత్రం మూత తీసి ఇచ్చారు.

ఇప్పుడు ఎడమ కన్ను మూతపడదు.
ఉతికితే కురచైన జాకెట్టులా
కింది రెప్ప పట్టేసింది.
ప్లాస్టరు అంటించుకుని పడుకుంటాను.
ఓ రాత్రి మా ఆయన లేచి
"చూస్తున్నావా, నిద్రపోయావా?" అన్నాడు.
రెండూనన్నాను.
మా శ్రీకాకుళంలో ఒక జంక్షనుంది, డే అండ్ నైటని.
ఎవరు పెట్టారో ఆ పేరు,
నా మొహానికి సరిపోయింది.

ప్లీడరు బగాది హేమసుందర్రావుగారు
వేలు మడిచి లెక్క చెప్పారు:
"రెండేళ్ళ గడువు తల్లీ. ఇంకా పదకొండు రోజులు."

డాక్టరమ్మ చెడ్డదని అనలేను.
కట్టు విప్పిన రోజు ఆవిడ చెయ్యి వణికింది.
ఆ వణుకు సాక్ష్యమవుతుందా అని అడిగితే
ఆయన నవ్వేరు.
తర్వాత ఫోనెత్తడం మానేసిందండీ అంటే
నవ్వు ఆపి రాసుకున్నారు.

డ్రైవరు తవిటినాయుడు గేరు మారుస్తూ అంటాడు:
"ఎయ్యి కేసు. మనం బండి గీరితే ఒగ్గేత్తారేటి?
సార్జిసీటు ఇచ్చి ఇంకిరిమెంటు కోసేత్తారు.
కత్తట్టుకున్నోలికి తప్పుండదేటి?"
ఆ మాటకి సగం ఒప్పుకున్నాను.

మిగతా సగం మా అక్క పట్టుకుని కూచుంది.
"అరసవల్లి సామికి ఎండి కళ్ళు మొక్కుకో.
కోర్టుకెల్తే ఊరు ఊరంతా అడుగుద్ది,
ఈ వొయసులో నీకు సోకేటే అని."

భయం అదే.
అర్జీలో ఒక ఖాళీ గీత ఉంది,
'చికిత్స కోరిన కారణం' అని.
అక్కడ నేనే రాయాలి,
స్టాంపేసి, మూడు కాపీలు తీసి,
ముక్కూ మొహం తెలీనివాళ్ళ ముందు చదివించాలి.
అందం అన్న మాట
నా గురించి నేను
పైకి ఒక్కసారీ అనలేదు.
పెళ్ళిచూపుల్లో కూడా వాళ్ళే అనుకున్నారు,
అదీ రంగు ఓ మోస్తరని.

ఇంకోటి కూడా ఉంది, ఎవరికీ చెప్పలేదు.
ఆ కంట్లోంచి ఊరికే నీళ్ళు కారతాయి.
నేను ఏడుస్తున్నాననుకుంటారు జనం.
ఆమదాలవలసలో దిగబోతూ ఓ ముసలమ్మ
నా చెంప నిమిరి
"ఏటమ్మా, ఎవులు పోనారు?" అంది.
తన కొడుకు సంగతి చెప్పుకుంది,
దిగడం మర్చిపోయి రెండు స్టేజీలు.
ఎక్స్‌ట్రా కొట్టలేదు.
అబద్ధపు కన్నీరు చూసి వచ్చిన నిజం అది.
ప్లీడరుగారు "ఎంతకేద్దాం?" అన్నప్పుడు
దీన్ని కలపాలో తీసెయ్యాలో
తెలియలేదు నాకు.
ఏ స్టేజికి ఎంతో నిద్రలో అడిగినా చెప్తాను,
ఆ నిద్రే లేదు గానీ.

నిన్న డ్యూటీ దిగి, కలెక్షను కట్టి,
ఓ చెడిపోయిన వేబిల్లు వెనక రాసి చూసుకున్నాను:
బాగుండాలనిపించి.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను, ఈసారి కాస్త పెద్దక్షరాలు.
రోజులు ఇంకా తొమ్మిది.
ఆ కాయితాన్ని మడిచి సంచిలో పెట్టాను,
చిల్లర అరలో కాదు,
నోట్ల అరలో.